ఆకుపచ్చ గుడ్డ కట్టిన బోను

ఖయ్యూమ్‌కి పీతలు పట్టడమంటే ప్రాణం. అలాగని జన్మలో ఒక్క పీత ముక్క నోట్లో పెట్టుకున్న పాపాన పోలేదు. వాళ్ళ ఇళ్ళల్లో పీత తినరు. భార్య అన్వరీ అయితే ఆ నీచు వాసన తగిలిన చొక్కాని కూడా గుమ్మం బయటే విప్పించేది. తినని దాని కోసం అంత దూరం పోవడమెందుకని ఎవరైనా అడిగితే, "చదరంగం ఆడేవాడు గుర్రాన్ని తింటాడా ఏంది?" అనేవాడు.

విజయవాడ ఆటోనగర్‌లో లారీల కమాను కట్టలు సరిచేసే షెడ్డు అతనిది. వారమంతా ఎర్రగా కాలిన ఇనుము ముందు నిలబడే మనిషికి, ఆదివారం పూట నీళ్ళ పక్కన చల్లగా కూర్చోవడం కంటే సుఖమేముంటుంది? ఆ సుఖాన్ని అతనికి మప్పినవాడు ఏసుపాదం. పక్క షెడ్డులో వెల్డింగ్ చేస్తాడు. ఏసుపాదం అత్తగారి ఊరు నాగాయలంక దాటి ఇంకా కిందికి, కృష్ణమ్మ పాయలుగా చీలి సముద్రంలో కలిసే చోట ఉంది. ఊరి వెనక ఉప్పుటేరు, గట్టున మడచెట్లు. పోటు మీద ఏరు నిండితే పెద్ద డెక్కల నల్ల పీతలు పైకి ఎక్కి వస్తాయి. ఒకసారి సరదాకి వెంట వెళ్ళిన ఖయ్యూమ్, ఆ తర్వాత ఏసుపాదం మానేద్దామన్నా మాననివ్వలేదు.

బోన్లు అతనే తయారుచేసేవాడు. షెడ్డులో మిగిలిన ఇనప ఊచల్ని వంచి చట్రం కట్టి, చుట్టూ నైలాన్ వల బిగించి, పీత లోపలికి దూరడమే గానీ బయటికి రాలేని విధంగా మూతి పెట్టేవాడు. లోపల కోడి పేగులు కట్టి, తాడు వేసి, తాడు చివర ఖాళీ ఇంజనాయిలు డబ్బా తేలేలా కట్టి ఏట్లోకి దించడమే. ఏసుపాదం తన డబ్బాలకి వెల్డింగ్ షాపులో మిగిలిన ఎర్ర రంగు పూసుకున్నాడు. ఖయ్యూమ్ డబ్బాలు మాత్రం నల్లవి. నీళ్ళ మీద కొట్టుకొచ్చే చెత్తలో వాటిని వెతుక్కోలేక తెగ విసుక్కునేవాడు.

ఆ విసుగు చూడలేక దారి చెప్పింది అన్వరీయే. భవానీపురంలో వాళ్ళింట్లో ఆమె దర్గాల్లో సమాధుల మీద కప్పే చాదర్లు కుట్టి ఇచ్చేది. ఇల్లంతా ఆకుపచ్చ శాటిన్, జరీ అంచులు. కత్తిరించగా మిగిలిన పేలికలు సంచెడు పడి ఉండేవి. "మెరుస్తాయి, దూరానికి కనపడతాయి, కట్టుకోండి" అని గుప్పెడు తీసి ఇచ్చింది. ఖయ్యూమ్ డబ్బాకొకటి చొప్పున కట్టాడు. ఎండ పడితే అర మైలు నుంచి కనపడ్డాయి. భార్య తెలివికి మురిసిపోయాడు కూడా.

ఆదివారం పొద్దున్నే పాత జీపులో బయల్దేరేవాళ్ళు. బోన్లు దించేసి, ఏసుపాదం తన అత్తగారు శౌరమ్మని తీసుకుని గుళ్ళో పూజకి వెళ్ళేవాడు. ఆ ఊళ్ళో చర్చిని గుడి అనే అంటారు. ఖయ్యూమ్ శౌరమ్మ ఇంటి వసారాలో మంచం మీద నడుం వాల్చేవాడు. పూజ ముగిసి, ఆమె పెట్టిన ఇడ్లీలు తిని, కబుర్లయ్యాక మళ్ళీ ఏటికి పోయి బోన్లు లాగేవాళ్ళు. ఈలోపు బోన్ల దగ్గర కాపలా ఎవరూ ఉండరు. ఎవరికి కావాలి ఆ ఇనప బోన్లు అని వాళ్ళ ధీమా.

పేలికలు కట్టిన కొత్తలోనే ఒక బోను పోయింది.

ఖయ్యూమ్‌కి మొదట సిగ్గేసింది. టన్నుల బరువు మోసే కమాను కట్టల్ని బిగించే చేతులు, ఒక తాడు ముడి సరిగ్గా వేయలేకపోయాయా? ముడి వదిలి కొట్టుకుపోయి ఉంటుందనుకున్నాడు. ఆ మాట బయటికి చెప్పుకోవడానికి నామోషీ. "ఒకటి తగ్గిందేంది భాయ్?" అని ఏసుపాదం అడిగితే, "పోనీలే, ఎవురికి దక్కాలో వాళ్ళకి దక్కుద్ది" అని తేలిగ్గా అనేశాడు. ఏసుపాదం అతని మొహంలోకి ఓ క్షణం చూసి, ఇంకేమీ అడగలేదు.

తర్వాత ఇంకోటి పోయింది. ముడి మార్చాడు, తాడు మార్చాడు. అయినా పోయింది. కొత్తవి చేసుకుంటూ వచ్చాడు, పోతూనే వచ్చాయి. పైకి మాత్రం అదే మాట, పోనీలే అని. లోపల లెక్కలు వేసుకునేవాడు. పోయేవన్నీ అతనివే. పక్కనే తేలుతున్న ఏసుపాదం ఎర్ర డబ్బాల జోలికి ఒక్కసారైనా ఎవరూ పోలేదు. దొంగకి కళ్ళుంటాయి గానీ ఇంత పక్షపాతం ఉంటుందా? ఈ ప్రశ్న ఒకసారి బుర్రలో దూరాక, అతను చేసే బోనులో పీత లాగే, బయటికి పోయే దారి దొరకలేదు.

ఆ రోజుల్లోనే ఒక ఆదివారం చేతులు కడుక్కోవడానికి శౌరమ్మ పెరట్లోకి వెళ్ళాడు. గోడ వారగా పెద్ద పెద్ద పీత డెక్కలు, డిప్పలు. ఇంకా పూర్తిగా ఎండలేదు, ఈ వారంలోవే. కిందటి ఆదివారం ఏసుపాదం బోన్లు ఖాళీగా వచ్చాయి, ఖయ్యూమ్‌వి అసలు రానే లేదు. ముసలామె, ఏట్లో దిగే ఓపిక లేనిది. ఈ పీతలు ఎక్కడివి? అడిగితే ఒక్క నిమిషంలో తేలిపోయే సంగతి. అడగలేదు. చేతులు తుడుచుకుని జీపెక్కేశాడు.

మర్నాడు తిరుపతిరావు టీ బంకు దగ్గర పేలిపోయాడు. నిజానికి ఏసుపాదం అన్నది చిన్న మాటే. "భాయ్, ఈ వారం బోన్లు ఇంకో రెండు ఎక్కువ చెయ్యి, పున్నమి పోటు బాగుంటది" అన్నాడంతే.

"ఎవురి కోసం చెయ్యాల?" అన్నాడు ఖయ్యూమ్. "మీ అత్త కోసమా?"

"అదేం మాట?"

"పోయేయన్నీ నా బోన్లే. నీది ఒక్కటన్నా పోయిందా? డిప్పలేమో మీ అత్త పెరట్లో ఉంటయ్యి. నువ్వు గుళ్ళో కూచుంటే ఆమె ఎవురి చేతో తీయిస్తందో, నీకు తెలిసే తీయిస్తందో, నాకేం తెలుసు?"

బంకు దగ్గర మెకానిక్కులు, డ్రైవర్లు గ్లాసులు పట్టుకుని అలాగే ఉండిపోయారు. ఏసుపాదం మొహం పాలిపోయింది. ఏదో చెప్పడానికి నోరు తెరిచాడు. ఖయ్యూమ్ మొహం కేసి చూస్తూ చూస్తూ ఆ నోరు మూసేశాడు. కోపం కాదది, చాలా పెద్దదేదో తప్పు లెక్క వేశానని తెలుసుకున్నవాడి చూపు. సగం తాగిన టీ బల్ల మీద పెట్టి తన షెడ్డులోకి వెళ్ళిపోయాడు. సాయంత్రం అతని ఎర్ర డబ్బాల బోన్లు ఖయ్యూమ్ షెడ్డు ముందు ఉన్నాయి. ఇవి కూడా ఉంచుకోమన్నట్టు.

ఆ తర్వాత ఆదివారాలు గడిచాయి. గడిచాయనడమే గానీ ఖయ్యూమ్‌కి ఒక్కటీ గడవలేదు. పక్కపక్క షెడ్లు. ఆ గోడ వెనక వెల్డింగ్ చిటపటలు వినపడుతూనే ఉంటాయి, పిలిస్తే పలికే దూరం, పిలవడానికి నోరు రాదు. ఏసుపాదం టీ తాగే వేళ మార్చుకున్నాడు. పండగకి తెరేసమ్మ పంపే కేకు డబ్బా రాలేదు. తెరేసమ్మ ఏసుపాదం భార్య, శౌరమ్మ కూతురు. తల్లిని దొంగ అన్నవాడికి కేకు పంపేంత ఉదారం ఎవరికుంటుంది?

అన్వరీ కొన్నాళ్ళు చూసి, ఒక రోజు అన్నం వడ్డిస్తూ అంది. "తినని పీతల కోసం, కలిసి తినే మనిషిని పోగొట్టుకున్నారు."

"నా తప్పు లేదు."

"లేదని తేల్చుకున్నారా, అనుకుంటన్నారా?"

ఆ మాట గుచ్చుకుంది. తేల్చుకుందామనే బయల్దేరాడు. నిజం చెప్పాలంటే ఏసుపాదాన్ని వెనక్కి తెచ్చుకోవడానికి కాదు. తనదే రైటని కళ్ళారా చూసి వస్తే, ఈ గుండెలో బరువు దిగుతుందని.

ఆదివారం ఒక్కడే ఏటికి పోయి, ఎప్పటిలాగే బోన్లు దించి, ఎప్పటిలాగే జీపెక్కి వెళ్ళినట్టు వెళ్ళి, దూరంగా జీపు ఆపి నడిచి వచ్చి మడచెట్ల మాటున కూర్చున్నాడు. దోమలు పండగ చేసుకున్నాయి. గుడి గంట కొట్టారు. పూజ మొదలైందనుకుంటుండగా వంపులో ఒక నాటు పడవ కనిపించింది. అందులో ఒక ముసలాయన. బక్కగా, నెత్తికి తువ్వాలు చుట్టుకుని ఉన్నాడు. నేరుగా ఖయ్యూమ్ డబ్బాల దగ్గరికి వచ్చాడు.

ఖయ్యూమ్ లేవబోయి ఆగిపోయాడు. దొంగ ఎవరైనా ముందు చుట్టూ చూస్తాడు. ఈయన చూడలేదు. తువ్వాలు తీసి నడుముకి కట్టుకున్నాడు. ఆకుపచ్చ పేలికని వేళ్ళతో పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు. ఆ తర్వాత తాడు లాగి బోనుని పడవలోకి, పసిపిల్లని దించినంత మెల్లగా దించాడు.

"ఏయ్ పెద్దాయనా!" అని కేకేస్తూ ఖయ్యూమ్ బురదలోకి దిగాడు. "ఎవురి సొమ్మనుకున్నావు?"

ముసలాయన కంగారు పడలేదు. పైగా నవ్వాడు. "బాబా సొమ్మండీ. మీరు బెజవాడ సాయిబు గారు గదూ? మిమ్మల్ని ఒకసారి చూడాలని ఎన్నాళ్ళనుంచో అనుకుంటన్నానండీ. నా పేరు జక్కయ్య."

"బాబా ఎవురు?"

ఈసారి కంగారు పడడం జక్కయ్య వంతయింది. "అదేందండీ, మీరే గదా మీ చేత్తో గుడ్డ కట్టి వదిలేశారు?"

జక్కయ్య చెప్పిన సంగతి ఇది. ఆ ఏటి మీద బతికేవాళ్ళకి తాతల నాటి కట్టు ఒకటుంది. వలకి గానీ బుట్టకి గానీ ఆకుపచ్చ గుడ్డ కడితే ఆ ఊరి దర్గా బాబా పేరు చెప్పి కట్టినట్టు. కట్టినవాడు పక్కనే కూర్చుంటే పడింది వాడిది, బాబా దీవెన మాత్రం అడిగాడని అర్థం. కట్టి, మనిషి లేచిపోతే, దాన్ని బాబాకి ఇచ్చేశాడని అర్థం. అలా ఇచ్చినదాన్ని నీళ్ళలో అనాథగా వదలకూడదు. చూసినవాడు దర్గాకి చేర్చాలి. చేర్చకపోతే దోషం. దర్గా ఊడ్చేదీ, దీపం పెట్టేదీ జక్కయ్యే గనక ఆ పని ఆయన మీద పడింది. మొదట్లో ఒక్కొక్కటే, తర్వాత పడవలో పట్టినన్ని తెచ్చాడు.

ఖయ్యూమ్‌ని పడవెక్కించుకుని అక్కడికి తీసుకెళ్ళాడు. దర్గా అంటే గట్టు మీద సున్నం కొట్టిన చిన్న గది. వెనక పంచలో ఖయ్యూమ్ బోన్లన్నీ ఉన్నాయి. పోయినవన్నీ. ఒకదాని మీద ఒకటి, తుప్పు పట్టకుండా కడిగి, ఆరబెట్టి, పేర్చి ఉన్నాయి. ఉరుసు నాడు వల లేని వాళ్ళకి పంచుతారట. అన్వరీ కత్తిరించిన జరీ పేలికలు కిటికీ ఊచలకి వరసగా కట్టి ఉన్నాయి. ఇంటి నిండా చాదర్లు కుట్టే ఆడదాని మొగుడు, ఆకుపచ్చ గుడ్డకి అర్థం తెలియక ఏట్లో కట్టి వదిలాడు. ఖయ్యూమ్‌కి నవ్వు రావాలి. రాలేదు.

"మరి పీతలు?" అని అడిగాడు. జవాబు తెలుస్తూనే ఉంది. వినడానికి భయమేసింది.

"దిక్కులేని ముసలోళ్ళకండీ. ఊళ్ళో ఒంటిగా ఉండేవాళ్ళకి వంతులేసి ఇస్తాం. ఒక వారం రావమ్మకి, ఒక వారం శౌరమ్మకి, అట్టా. మీ పేరు చెప్పుకునే తింటన్నారండీ."

"బోన్లు కావాలంటే తీసుకెళ్ళండి సాయిబు గారూ, మీవేగా" అని జక్కయ్య ఎంత చెప్పినా, ఖయ్యూమ్ ఒక్కటి కూడా ముట్టుకోలేకపోయాడు.

అక్కణ్ణుంచి కాళ్ళు శౌరమ్మ ఇంటికే తీసుకెళ్ళాయి. పూజ నుంచి వచ్చి, ఆమె వసారాలో చీర కొంగుతో విసురుకుంటోంది. అతన్ని చూడగానే మొహం విప్పారింది. "రా నాయనా. ఇన్నాళ్ళకా? మా అల్లుడేడీ?" అని వీధి వైపు చూసింది.

అంటే ఆమెకి చెప్పలేదు. ఏసుపాదమూ చెప్పలేదు, తెరేసమ్మా చెప్పలేదు. తనని దొంగ అన్నారన్న మాట ఆ ముసలి చెవిన పడకుండా ఇద్దరూ దాచారు. ఖయ్యూమ్ మంచం మీద కూర్చోలేదు. నిలబడే, దాచకుండా మొత్తం చెప్పాడు. టీ బంకు దగ్గర ఏ మాటలన్నాడో ఆ మాటలే చెప్పాడు.

శౌరమ్మ విసురుకోవడం ఆపేసింది.

"అబ్బాయ్," అంది, "నువ్వు గుడ్డ కట్టి వదిలేస్తన్నావని మా పాదం చూసినప్పుడే నాకు చెప్పాడు. 'మా భాయ్ బాబాకి ఇస్తన్నాడత్తా, అడిగితే దక్కాల్సినోళ్ళకి దక్కుద్ది అంటన్నాడు. చెప్పుకోవటం ఇష్టంలేని మనిషి, మనం కూడా ఎవురి కాడా అనొద్దు' అని. నువ్వొచ్చినప్పుడు నా నోటి చివరిదాకా వచ్చేది, నీ పీతలు బాగున్నయ్యి నాయనా అని. వాడి మాట కోసం మింగేదాన్ని."

ఖయ్యూమ్‌కి అప్పుడు తెలిసింది. తను ఏసుపాదాన్ని దొంగ అనుకుంటున్న ఆ వారాలన్నీ, ఏసుపాదం తనని గుట్టుగా దానం చేసే పుణ్యాత్ముడనుకుంటున్నాడు. బంకు దగ్గర నోరు తెరిచి మూసేసింది అందుకా! కళ్ళు తుడుచుకోవాలని కూడా తోచలేదు.

"నేనేం చెయ్యాలత్తా?"

"నాకు చెప్పావు, అయిపోయింది. నీ పీతలు తిన్న మాట నిజమే గదా, దొంగ కిందే లెక్క" అని ఆమె నవ్వింది. ఆ నవ్వు ఎంతోసేపు లేదు. "వాడికి మాత్రం చాటుగా చెప్పమాక. నలుగురిలో అన్నావు. ఆ నలుగురిలోనే చెప్పు."

మర్నాడు ఏసుపాదం టీ తాగే వేళకి ఖయ్యూమ్ బంకు దగ్గరికి వెళ్ళాడు. అతన్ని చూసి ఏసుపాదం గ్లాసు కింద పెట్టబోయాడు. "కూచో. నీకే చెప్పాల, అందరూ వినాల" అన్నాడు ఖయ్యూమ్. పేలికలు, జక్కయ్య, దర్గా, వంతులు, పెరట్లో డిప్పలు, ఒక్కటీ మింగకుండా చెప్పాడు. "పాదం మీదా, పెద్దావిడ మీదా నేనన్నది తప్పు. వాళ్ళు దొంగలు కాదు. నేనే బుద్ధిలేనోణ్ణి" అన్నాడు. షెడ్డు ఓనరు నోటి నుంచి అలాంటి మాట ఆ బంకు దగ్గర ఎవరూ విని ఉండరు.

చుట్టూ ఉన్నవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఆ ఇబ్బంది తీర్చడానికే కాబోలు, తిరుపతిరావు టీ వడపోస్తూ అందుకున్నాడు. "భాయ్, మీరు మాకు చెప్పట్లేదు గానీ, తెలిసే కట్టుంటారు. చాదర్లు కుట్టే ఇల్లాయె, మీకు తెలీకపోవటమేంది? ఎంతమంది ముసలోళ్ళ కడుపు నింపారు!" చుట్టూ ఉన్నవాళ్ళు అవునవునన్నారు. అప్పటిదాకా తప్పు చేసినవాడిగా నిలబడిన మనిషి, ఒక్క చిటికెలో దాతగా కూర్చోవచ్చు. తల ఊపితే చాలు. ఖయ్యూమ్‌కి ఊపాలనిపించింది కూడా. ఏసుపాదం తలెత్తి అతన్నే చూస్తున్నాడు.

"లేదు," అన్నాడు ఖయ్యూమ్. "నాకు తెలీదు. తెలిస్తే కట్టేవాణ్ణి కాదు. ఎవురు తీశారా అని ఆ వారాలన్నీ తిట్టుకుంటానే ఉన్నా."

ఏసుపాదం గ్లాసు తీసుకుని మిగిలిన టీ తాగాడు. మూతి తుడుచుకున్నాడు.

"నన్నన్నా పడేవాణ్ణి భాయ్. ఆమెనన్నావు. అదే కడుపులో ఉండిపోయింది."

"ఆమె కాడికి పోయి నిన్ననే చెప్పా."

"తెలుసు. రాత్రి ఫోన్ బూత్ నుంచి మాట్టాడింది." ఏసుపాదం లేచి నిలబడ్డాడు. "అప్పుడంటే నీకు తెలీదు. ఇప్పుడు తెలిసింది గదా. మరి ఈ ఆదివారం గుడ్డ కడతావా, కట్టవా?"

అందరూ ఖయ్యూమ్ వైపు తిరిగారు. అన్నిటికీ కడతానంటే ఎంత బాగుంటుంది! కానీ తాడు లాగుతుంటే చేతికి తగిలే ఆ బరువు, బోను నీళ్ళపైకి తేలగానే లోపల కదిలే ఆ డెక్కలు కళ్ళ ముందు మెదిలాయి. ఇప్పుడే నిజం చెప్పిన నోటితో మళ్ళీ అబద్ధమాడలేకపోయాడు.

"ఒకదానికి కడతా," అన్నాడు నసుగుతూ.

"ఒక్కదానికేనా?"

"మిగతాయి నేను లాగాలయ్యా. లాగకపోతే అంత దూరం పోయి నేను చేసేదేముంది?"

ఏసుపాదం పక్కకి తిరిగి నవ్వాపుకోవాలని చూశాడు గానీ కుదరలేదు. భుజాలు కదిలిపోయాయి. "ఇదీ మా భాయ్ అంటే! ఆ పుణ్యాత్ముడి పక్కన కూచోవాలంటే ఒళ్ళు దగ్గర పెట్టుకోవాల్సొచ్చేది, బీడీ కాల్చాలన్నా భయమేసేది." నవ్వుతూనే కళ్ళు మోచేత్తో తుడుచుకుని, ఖయ్యూమ్ దగ్గరికి వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు.

"ఒకటి కాదు గానీ, రెండిటికి కట్టు. మా అత్తకి ఒక్క బోను ఏ మూలకి?"